సుంకం దెబ్బ ఎవరికి తగులుతోంది?

సంపాదకులకు,

మానవ హక్కులను తొక్కేసే దేశాలతో వ్యాపారం మానుకోవాలని చాలామంది అంటారు. ఆ ఆవేదనలో న్యాయం ఉంది. అయితే ముందు కంబోడియా అనుభవం చూడాలి.

అక్కడి సుప్రీంకోర్టు 2017 నవంబరులో ప్రధాన ప్రతిపక్షాన్ని రద్దు చేసింది. మరుసటి ఏడాది అప్పటి ప్రధాని హున్ సేన్ పార్టీ 125 సీట్లకు 125 గెలుచుకుంది. ఆయుధాలు తప్ప ఆ దేశపు సరుకంతా సుంకం లేకుండా రానిస్తున్న ఐరోపా సమాఖ్య 2019 ఫిబ్రవరిలో విచారణ మొదలుపెట్టింది. 2020 ఆగస్టు 12 నుంచి సుమారు ఐదో వంతు ఎగుమతులకు ఆ వెసులుబాటు తీసేసింది. దుస్తుల మీద సాధారణ సుంకం 12 శాతం. 5 యూరోలకు దిగుమతయ్యే చొక్కా మీద అది 60 సెంట్లు. ఆ భారం కొనే కంపెనీ మోయదు, ధర తగ్గించమంటుంది. యజమాని ఓవర్‌టైంలోనో పీసు రేటులోనో కోస్తాడు, లేదా ఆర్డరే మరో దేశానికి పోతుంది. నష్టపోయేది మిషను మీద కూర్చున్న మహిళ. పాలకులు మాత్రం 2023లో రిజిస్ట్రేషన్ కాగితం అసలు ప్రతి లేదన్న సాకుతో ప్రతిపక్షాన్ని మళ్లీ పోటీకి దూరం పెట్టారు, 120 సీట్లు గెలిచారు.

ఐరోపా సమాఖ్య నిర్ణయంలో చక్కెరను పూర్తిగా చేర్చడం మాత్రం సబబు. చెరకు తోటల కోసం రైతుల భూములు లాక్కున్నారన్న ఫిర్యాదులు అక్కడ ఏళ్ల తరబడి ఉన్నాయి. అన్యాయం ఏ సరుకులో ఉందో సుంకమూ ఆ సరుకు మీదే పడింది.

బంగ్లాదేశ్ విషయంలో అమెరికా ఇందుకు భిన్నంగా చేసింది. 2013 ఏప్రిల్ 24న దుస్తుల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయాక, జూన్‌లో సుంకం రాయితీ నిలిపేసింది. ఆ రాయితీలో దుస్తులు మొదటి నుంచీ లేవు! దుస్తుల ఫ్యాక్టరీలను కదిలించింది కొనుగోలు కంపెనీలు కార్మిక సంఘాలతో చేసుకున్న ఒప్పందం. స్వతంత్ర ఇంజనీర్లు 1,600కు పైగా ఫ్యాక్టరీల్లో పిల్లర్లు, వైరింగు, తాళాలు వేసిన మెట్ల దారులు తనిఖీ చేసి నివేదికలు బయటపెట్టారు. ఒప్పందంపై సంతకం చేసిన కంపెనీలన్నీ మరమ్మతు చేయని ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఆపాలన్నది అందులోని షరతు.

కంబోడియాలోనే ఇంకో దారి కూడా నడిచింది. 1999లో అమెరికా చేసుకున్న వస్త్ర ఒప్పందం ప్రకారం కార్మిక పరిస్థితి మెరుగైతే ఏటా 14 శాతం దాకా అదనపు కోటా, అంటే అమెరికాకు అంత ఎక్కువ సరుకు పంపే వీలు, దక్కేది. తనిఖీ అంతర్జాతీయ కార్మిక సంస్థది. 2004తో ప్రపంచ కోటాల విధానం ముగిసి ఆ ప్రోత్సాహమూ పోయింది.

ఇప్పుడు మన సంగతి. ఎగ్జిమ్ (ఎగుమతి దిగుమతి) బ్యాంకు ద్వారా భారత్ ఇతర దేశాలకిచ్చే రుణాల్లో సాధారణంగా 75 శాతం సరుకు, సేవలు మన దేశం నుంచే వెళ్లాలి. సొమ్ము ఆ దేశపు ఖజానాకు చేరదు, మన కాంట్రాక్టరుకే నేరుగా అందుతుంది. అందుకే షరతు పెట్టడం తేలిక. ఇథియోపియా చక్కెర పరిశ్రమకు మనం 64 కోట్ల డాలర్ల రుణమిచ్చాం. అందులోని టెండాహో పథకం అఫార్ పశుపోషకుల మేత నేలల మధ్య ఉంది. ఇలాంటి చోట భూమి కోల్పోయినవారికి పరిహారం ముట్టిన రసీదులు, కూలీల వేతన పట్టీలు జతచేస్తేనే కాంట్రాక్టరుకు రన్నింగ్ బిల్లు (పని జరిగిన మేరకు పెట్టే బిల్లు) చెల్లించాలి. వాటిని సరిచూసేది కాంట్రాక్టరు నియమించిన సంస్థ కాకూడదు. ఆ నివేదిక స్థానిక భాషలోనూ రావాలి. రుణ మార్గదర్శకాల్లో ఈ నిబంధన చేర్చాలని కేంద్ర ఆర్థిక, విదేశాంగ శాఖలను కోరుతున్నాం.

– అంతర్జాతీయ వాణిజ్య న్యాయ అధ్యాపకులు, హైదరాబాద్