కొత్త తహసీల్దారు బావకి, న్యూస్‌ డెస్క్‌ నుంచి

ఒరేయ్ బావా,

సముద్రం ఒడ్డు మండలానికి వేశారని ఫోన్‌లో చెబుతూ, "పని సంగతి పర్లేదు గానీ మీ పత్రికలవాళ్లని తలుచుకుంటేనే టెన్షన్‌రా" అన్నావు. అప్పుడు నవ్వేశాను. తర్వాత ఆలోచిస్తే నీ టెన్షన్‌లో న్యాయం ఉందనిపించింది. అక్టోబరు, నవంబరు దగ్గర పడుతున్నాయి. వాయుగుండం అన్న మాట వినబడిందంటే నీ ఫోన్‌ ఇక కింద పెట్టనివ్వరు. ఇన్నేళ్లుగా డెస్క్‌లో కూర్చుని అధికారుల ప్రెస్‌నోట్లు దిద్దుతున్నవాణ్ని కాబట్టి, అడక్కపోయినా నాలుగు మాటలు రాస్తున్నా. ఫోన్‌లో చెబితే ఊ కొట్టి మర్చిపోతావు, నీ సంగతి నాకు తెలీదా.

ముందు ప్రెస్‌నోటు సంగతి. తుపాను ముందు మాకు వచ్చే నోటు ఇలా ఉంటుంది: "బంగాళాఖాతంలో ఏర్పడిన తీవ్ర వాయుగుండం తుపానుగా బలపడి వాయవ్య దిశగా పయనిస్తున్నందున తీర ప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండవలసిందిగాను, అధికార యంత్రాంగం సర్వసన్నద్ధంగా ఉన్నదనియు తెలియజేయడమైనది." ఇది చదివి పాలెంలో ఉన్న మత్స్యకారుడు ఏం చేయాలి? అప్రమత్తంగా ఉండమంటే రాత్రంతా మేలుకుని కూర్చోమనా? మీ యంత్రాంగం సన్నద్ధంగా ఉంటే అతనికి ఒరిగేదేమిటి? అతనికి కావాల్సింది వేరే.

నువ్వు రాసేటప్పుడు ఇలా రాయి: "మంగళవారం సాయంత్రం నాలుగింటిలోగా పాలెంలో వాళ్లంతా హైస్కూలుకి వచ్చేయండి. రామాలయం దగ్గర మధ్యాహ్నం ఒంటిగంట నుంచి బస్సులు ఉంటాయి. ఆధార్‌, రేషన్‌ కార్డు, బ్యాంకు పుస్తకం, రోజూ వేసుకునే మందులు ప్లాస్టిక్‌ కవర్లో కట్టి తెచ్చుకోండి. పశువులకి పలుపు విప్పేయండి. రాత్రి భోజనం, మంచినీళ్లు, చంటిపిల్లలకి పాలు స్కూల్లోనే ఇస్తాం. నడవలేనివాళ్లు ఇంట్లో ఉంటే ఈ నంబరుకి ఫోన్‌ చేయండి, మేమే వచ్చి తీసుకెళ్తాం." చూశావా, వాయవ్యం లేదు, పయనం లేదు. దీన్ని మా సబ్‌ఎడిటరు కూడా చెడగొట్టలేడు, యథాతథంగా వేసేస్తాడు. మైకులో చదివినా ముసలమ్మకి అర్థమవుతుంది.

రేవుల్లో ఎగరేసే హెచ్చరికల సంగతీ అంతే. "కాకినాడ రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని మేమే పెద్ద అక్షరాలతో వేస్తాం. నిజానికి ఆ నంబర్లు ఓడలవాళ్ల కోసం పెట్టుకున్నవి. మొత్తం 11. ఒకటి, రెండు అంటే గొడవ ఎక్కడో దూరంగా నడిసముద్రంలో ఉంది. మూడు, నాలుగు వస్తే రేవుకీ ఆ సెగ తగలొచ్చు. ఐదు, ఆరు, ఏడు ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదం. అయితే ఐదు కంటే ఆరు ఒక మెట్టు ఎక్కువ అని జనం అనుకుంటారు చూడు, అది తప్పు. తుపాను రేవుకి ఏ పక్కగా తీరం దాటుతుందన్నదే ఆ రెండింటికీ తేడా. పదకొండు మరీ విచిత్రం. తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి వాతావరణం చూస్తే ప్రమాదంగానే ఉంది అని చెప్పడానికది. కబురు అందకపోవడాన్ని కూడా ఒక హెచ్చరికగా లెక్కేసుకున్నారంటే, పాతకాలం వాళ్ల బుర్రలకి దణ్ణం పెట్టాలిరా. ఇవన్నీ పాలెంలో ఎవరికి చెబుతావు? జనానికి వాతావరణ శాఖ రంగులు చాలు: పసుపు అంటే కబురు కనిపెట్టుకుని ఉండండి, నారింజ అంటే మూటాముల్లే సర్దుకోండి, ఎరుపు అంటే కదలండి. ఆ రంగుతో పాటు "మన ఊళ్లో దీనికి ఏం చేయాలి" అన్న ముక్క కలపాల్సింది మాత్రం నువ్వే. అది ఢిల్లీ నుంచి రాదు.

మాటలతో ఏమవుతుంది, బస్సులూ షెల్టర్లూ ఉండాలి గానీ అంటావేమో. రెండూ ఉండాలి. ఒడిశానే చూడు. 1999 అక్టోబరు సూపర్‌ సైక్లోన్‌లో అక్కడ దాదాపు 10 వేల మంది పోయారు. 2013లో పైలిన్‌ తుపాను గోపాల్‌పూర్‌ దగ్గర బాగా ఉధృతంగానే తీరం దాటితే, పోయినవాళ్లు 50 మందికి లోపే. మధ్యలో షెల్టర్లు కట్టారు, నిజమే. కానీ కబురు మోసే మనుషుల్ని కూడా ఊరూరా తయారు చేసుకున్నారు. 2019లో ఫణి వచ్చినప్పుడు 26 లక్షల మెసేజ్‌లు పంపి ఊరుకోలేదు. సైరన్లు, తీరం వెంబడి మైకులు, సుమారు 43 వేల మంది వలంటీర్లు. ఒకే మాట అన్ని దారుల్లో వెళ్లింది. పది లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి కదిలారు. ఫోన్లో మెసేజ్‌ చూసి ఇల్లొదిలి వచ్చేవాడు ఎవడ్రా? తెలిసిన మనిషి గుమ్మంలో నిలబడి చెబితే వస్తాడు. నీ మండలంలో ఆ తెలిసిన మనిషి నువ్వు కాదు, ఏమీ అనుకోకు. ఆశా కార్యకర్త, డ్వాక్రా సంఘం లీడరు, పల్లె పెద్ద, గుళ్లో మైకు, చర్చిలో మైకు. వాళ్లని ఇప్పుడే పరిచయం చేసుకో, గాలి మొదలయ్యాక కాదు.

ఇళ్లు వదలనివాళ్లని టీవీ ముందు "మొండికేస్తున్నారు" అనకు. చాలామంది అంటారు, అదేం గొప్పో నాకర్థం కాదు. లక్షలు పోసి కొన్న వలా, ఇంజనూ వదిలి రమ్మంటున్నాం. దొంగల భయం ఉంటుంది. పోయినసారి వెళ్తే ఏమీ కాలేదన్న అనుభవం ఉంటుంది. "పాలెంలో రాత్రంతా ఇద్దరు కానిస్టేబుళ్లు తిరుగుతారు" అని ముందే చెప్పు, సగం మంది కదులుతారు. తుపాను దారి మళ్లి అటెటో పోయిందనుకో, మర్నాడు మైకు పట్టుకుని ఆ మాట కూడా చెప్పు. చెప్పకపోతే వచ్చేసారి నీ మాటకి విలువుండదు.

ఇక మావాళ్ల సంగతి. కంట్రిబ్యూటర్లు పేరుకి విలేకరులే గానీ, చాలామందికి జీతం లేదు, లైన్‌ అకౌంటే, అంటే అచ్చయిన లైన్లని లెక్కగట్టి ఇచ్చే డబ్బులే. అయినా ఊళ్లో ఎవరి గోడ పడిందో నీకంటే ముందు వాళ్లకి తెలుస్తుంది. వాళ్లకి కావాల్సింది టైముకి వార్త. జిల్లా పేజీలు పెందలాడే కట్టేస్తారు. రాత్రి పదింటికి నువ్వు పంపిన అద్భుతమైన ప్రెస్‌నోటు ఎల్లుండికి గానీ రాదు. అందుకని రోజుకి రెండు టైములు పెట్టుకో, సాయంత్రం ఐదు, రాత్రి ఎనిమిది. ఎనిమిదింటికి కొత్త సంగతి లేకపోయినా "కొత్తగా ఏమీ లేదు" అని చెప్పు. ఒక తుపానులో ఒకాయన, పేరెందుకులే, చిరాకేసి రాత్రి ఫోన్‌ ఆపేసుకున్నాడు. పొద్దున్నే "అందుబాటులో లేని అధికారి" అని బాక్స్‌ కట్టి వేశారు. పాపం ఆయన ఆ రాత్రంతా మోకాటి లోతు నీళ్లలో గట్టు మీదే ఉన్నాడు. ఎవరికి తెలుసు?

టీవీవాళ్లది ఇంకో రకం. పది నిమిషాలు మాట్లాడతావు, వాళ్లు అందులోంచి కత్తిరించి వేసే ముక్క, అదే బైట్‌, పదిహేను సెకన్లు. అసలు మాట మొదటి వాక్యంలోనే పెట్టేయ్‌, "ముందుగా మీడియా మిత్రులకు" అని మొదలెట్టావంటే అదే పోతుంది. ఫోన్‌లోనే లైవ్‌ తీసుకునే ఫోనోలో యాంకరు "ప్రాణనష్టం ఎంత ఉండొచ్చు సార్‌?" అని అడుగుతాడు. ఉండొచ్చు అన్న లెక్కలోకి నువ్వు దిగకు. "సాయంత్రం ఐదింటికి నాకు తెలిసింది ఇంత. మిగతా రెండు ఊళ్లకి మనుషులు వెళ్లారు, ఎనిమిదింటికి చెబుతాను." ఇంతే. నువ్వొక అంకె, ఎస్‌ఐ ఒక అంకె, ఎంపీడీవో ఒక అంకె చెబితే మేం మూడూ వేసి కింద "పొంతన లేని లెక్కలు" అని హెడ్డింగు పెడతాం. పెట్టమా? ఆఫ్‌ ద రికార్డ్‌ అని చెవిలో చెప్పడం కూడా వద్దురా, నాతో సహా.

పుకార్లకి మాత్రం నిద్ర ఉండదు. "చెరువు గట్టు తెగింది" అని వాట్సాప్‌లో ఎప్పటిదో వీడియో తిరుగుతుంది. "గట్టు తెగిందన్నది అవాస్తవం" అని ఖండన ఇస్తే జనం చెవిలో మిగిలేది గట్టు తెగింది అన్న ముక్కే. గట్టు మీద నిలబడి ఫొటో తీయించుకుని, "గట్టు గట్టిగానే ఉంది, ఇప్పుడు టైము రాత్రి ఏడున్నర" అని పెట్టు. టైము మర్చిపోకు, పాత ఫొటో అనేవాళ్లుంటారు.

హుద్‌హుద్‌ గుర్తుందా, 2014 అక్టోబరు 12? విశాఖలో కాసేపు గాలి ఆగితే అయిపోయిందనుకుని కొందరు బయటికొచ్చారు. తుపాను కన్ను, అంటే నడిమధ్యలో గాలి ఉండని చోటు, ఊరి మీద ఉన్న కాసేపే ఆ నిశ్శబ్దం. తర్వాత గాలి రెండో వైపు నుంచి కొట్టింది. ఆ మాట జనానికి ముందురోజే చెప్పాలి. అప్పటికి టవర్లు పడిపోయి ఉంటాయి, ఎవరికీ చెప్పలేవు. అందుకే మైకు కట్టిన ఆటో, దండోరా వేసే మనిషి, పోలీసుల వైర్‌లెస్‌ సెట్టు, ఇవి మూడూ రాసిపెట్టుకో. విపత్తుల కంట్రోల్‌ రూమ్‌ల 1070, 1077 నంబర్లు కూడా ప్రతి నోటు కిందా వేయించు.

నువ్వు రాయబోయే మొదటి ప్రెస్‌నోటు నాకు వాట్సాప్‌ చెయ్‌, ఎర్ర ఇంకు పెట్టి పంపుతా. ఏడవకూడదు మరి. చెల్లెమ్మని అడిగానని చెప్పు. క్వార్టర్స్‌ పైకప్పు కారుతోందన్నావు, ముందు అది బాగు చేయించుకో.

నీ
బావ