పారిపోయిన డాక్టరు తండ్రి ఉత్తరం

సంపాదకులకు నమస్కారం.

ఇక్కడ చదివి పౌండ్ల కోసం పారిపోతున్న డాక్టర్ల మీద ఒక పాఠకుడు రాసిన ఉత్తరం మొన్న మీ పత్రికలో చూశాను. కోపం రాలేదు. స్టీల్ ప్లాంట్ క్యాంటీన్‌లో టీ తాగుతూ ఒకప్పుడు నేనూ అదే మాట అన్నవాణ్ణి.

మా పెద్దమ్మాయి ఎంబీబీఎస్, ఎండీ రెండూ విశాఖలోనే చదివింది. ఎండీ రోజుల్లో ఒక కుర్రాడు ఏడాదిలో నాలుగుసార్లు న్యుమోనియాతో చేరాడు. యాంటీబయాటిక్ ఎక్కించడం, తగ్గగానే పంపేయడం. రక్తంలో ఇమ్యునోగ్లోబ్యులిన్లు, అంటే రోగాలతో పోరాడే యాంటీబాడీలు, ఎంతున్నాయో చూద్దామని మా అమ్మాయి పట్టుబట్టి బయట ల్యాబుకు పంపిస్తే, దాదాపు సున్నా. పుట్టుకతోనే ఒంట్లో యాంటీబాడీలు తయారుకాని జబ్బట. 1952లోనే బ్రూటన్ అనే అమెరికా డాక్టరు దీన్ని గుర్తించాడట. దాతల ప్లాస్మా నుంచి తీసిన ఇమ్యునోగ్లోబ్యులిన్ మూడు నాలుగు వారాలకోసారి, జీవితాంతం ఎక్కించాలి. ఆ కుర్రాడు తర్వాత ఏమయ్యాడో మాకు తెలియదు. ఫోన్ చేసినప్పుడల్లా ఇప్పటికీ అడుగుతుంది.

ఒంటి రోగనిరోధక శక్తికి వచ్చే ఇలాంటి జబ్బుల చదువే, అంటే ఇమ్యునాలజీయే, చదువుతానంది. క్లినికల్ ఇమ్యునాలజీలో డీఎం, అంటే ఎండీ తర్వాత చదివే సూపర్ స్పెషాలిటీ, లక్నో ఎస్‌జీపీజీఐ, పుదుచ్చేరి జిప్‌మర్ లాంటి కొద్దిచోట్లే ఉంది. రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. అప్పుడు ఇంగ్లండ్ దారి పట్టింది. ముందు ఇంగ్లిష్ పరీక్ష. తర్వాత ప్లాబ్, అంటే బయటి దేశాల డాక్టర్లు బ్రిటన్‌లో పనిచేయడానికి రాసే పరీక్ష. దాని మొదటి భాగం మూడు గంటల్లో 180 ప్రశ్నలు. రెండో భాగం మాంచెస్టర్ వెళ్లి రాయాల్సిందే. రోగుల్లా నటించే మనుషుల్ని వరసగా కూర్చోబెడతారు, ఒక్కొక్కరి దగ్గర ఎనిమిది నిమిషాలు. 2022 జనవరిలో వెళ్లింది, చలికి వేళ్లు వంకర్లు పోతున్నాయని ఏడ్చింది. ఆ టెన్షన్‌లో మా ఆవిడ సింహాచలం మెట్లెక్కింది. ఆ తర్వాత ఎంఆర్‌సీపీ అనే అక్కడి మెడిసిన్ పరీక్ష, అదీ మూడు భాగాలు. ఇక్కడ ఎండీ అయిన పిల్ల అక్కడ మళ్లీ కింది మెట్టు నుంచి, నైట్ డ్యూటీల నుంచి మొదలుపెట్టింది. ఇప్పుడు ఇమ్యునాలజీ రిజిస్ట్రారు, అంటే ఆ విభాగంలో స్పెషలిస్టుగా శిక్షణ పొందుతున్న డాక్టరు.

డబ్బు లేదనను. మా ఇంటి లోను తీరింది ఆమె పంపిన పౌండ్లతోనే. కానీ ఆమె చదివిన చదువుకు మన ఊళ్లో కుర్చీ ఏది? నిరుడు ఇక్కడ రెండుచోట్ల అడిగాం. "ఇమ్యునాలజీనా, అయితే మైక్రోబయాలజీ ల్యాబులో చూడండి" అన్నారు ఒకచోట. ఇంకోచోట జనరల్ మెడిసిన్ ఓపీలో కూర్చోమన్నారు. రోజుకు వందమంది జ్వరాలవాళ్లను చూడటం తప్పు పని కాదు. దానికి మాంచెస్టర్ దాకా వెళ్లక్కర్లేదు, అంతే.

మా ఆవిడ సంగతే చూడండి. 1991లో పెన్సిలిన్ ఇంజెక్షన్ తర్వాత దద్దుర్లు వచ్చాయి. అప్పటి నుంచి ఫైలు మీద ఎర్ర సిరాతో "పెన్సిలిన్ పడదు". గొంతు నొప్పి వచ్చినా ఖరీదైన మందులే. అలా రాయించుకున్న పదిమందిలో తొమ్మిదిమందికి పరీక్షచేస్తే నిజానికి ఏమీ కాదని మా అమ్మాయి చెబుతుంది. అక్కడ ఆమె క్లినిక్‌లో చేసే పనుల్లో ఇదొకటి. కొద్దిగా మందు ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటలకొద్దీ కనిపెట్టుకుని ఉంటారు. "అయితే మీ అమ్మకి ఇంట్లోనే చెయ్యవే" అన్నాను. "ఊపిరాడకపోతే నీ డైనింగ్ టేబుల్ మీద ఏం చెయ్యను నాన్నా?" అంది.

అందుకే అడుగుతున్నాను. మా విశాఖ ప్రభుత్వాసుపత్రులు కేజీహెచ్‌లోనో విమ్స్‌లోనో వారానికి ఒక్క రోజు ఎలర్జీ, ఇమ్యునాలజీ క్లినిక్ పెట్టండి. రెండు మంచాలు, ఎలర్జీ ముదిరితే వెంటనే ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షన్, ఆక్సిజన్, ఒక నర్సు. మాటిమాటికీ న్యుమోనియా వచ్చే పిల్లలకు ఆ ఇమ్యునోగ్లోబ్యులిన్ పరీక్ష. రెగ్యులర్ పోస్టు తర్వాత చూసుకోవచ్చు.

డిసెంబరులో మా అమ్మాయి మూడు వారాల సెలవు మీద వస్తోంది. ఆ ఉత్తరం రాసిన పెద్దమనిషి కూర్మన్నపాలెం వైపు వస్తే నేరుగా అడగొచ్చు, ఏమీ అనుకోదు. రొయ్యలు తింటే మీకు దురద వస్తుందా అని ముందు తనే మొదలుపెడుతుంది, అదొక్కటే ఇబ్బంది.

— స్టీల్ ప్లాంట్ విశ్రాంత ఉద్యోగి,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం