ఎండను కిటికీ బయటే ఆపాలి

సంపాదకుల వారికి,

అమలాపురం, భీమవరం, తణుకు వంటి పట్టణాలలో కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్లలో పడమటి గోడకు సైతం పెద్ద స్లైడింగ్ అద్దాల కిటికీలు బిగించి, పైన సన్‌షేడ్ అయినా లేకుండా వదిలేస్తున్నారు. గదులు కాగిపోతున్నాయంటే డబుల్ గ్లాస్ వేయించుకోమని, మందపాటి కర్టెన్లు కట్టుకోమని సలహా ఇస్తున్నారు. ఈ రెండూ ప్రధానంగా చలిదేశాల అవసరం కోసం వచ్చినవి.

అక్కడి బాధ గదిలోని వెచ్చదనం బయటికి పోవడం. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నా ఒంటి అద్దం చదరపు మీటరుకు సుమారు 5.7 వాట్ల వేడిని పోనిస్తుంది. నడుమ గాలి పొర ఉన్న జంట అద్దాలలో అది దాదాపు సగానికి తగ్గుతుంది. చీకటి పడగానే మూసిన కర్టెను గోడకు ఆనుకొని ఉంటే, దాని వెనుక గాలి కదలక మరికొంత వేడి ఆగుతుంది.

మన రోహిణి కార్తెలో బాధ పెట్టేది అద్దం మీద సూటిగా పడే ఎండ. మామూలు అద్దం ఆ వేడిలో సుమారు 80 శాతాన్ని లోపలికి పంపితే, రెండో అద్దం చేర్చినా సుమారు 70 శాతం వస్తూనే ఉంటుంది. కర్టెను దాకా వచ్చిన ఎండ అప్పటికే గదిలోకి వచ్చినట్టే. గుడ్డ కాగి, ఆ వేడిలో చాలా భాగాన్ని లోపలే వదులుతుంది. తెల్లని లైనింగ్ ఉంటే కొంత నయం. కాబట్టి ఎండను అద్దానికి బయటే ఆపాలి. దక్షిణపు కిటికీకి సన్‌షేడ్ సరిపోతుంది గాని, సాయంత్రం వాలిన సూర్యుడు దాని కిందనుంచే తొంగిచూస్తాడు కనుక పడమటి వైపు చెక్క తలుపు గాని, బయట వేలాడే వెదురు తడక గాని ఉండాలి. (తడిపిన వట్టివేళ్ల తడికలు మన ఉక్కపోతలో పొడి ప్రాంతాలలో ఇచ్చినంత చల్లదనం ఇవ్వవు.)

గాలి సంగతీ ఉంది. 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత (ఇళ్లలో ఇంధన పొదుపు నియమావళి) ప్రకారం మన వంటి వేడి, తేమ ప్రాంతాల ఇళ్లలో కిటికీలు, వెంటిలేటర్లు, బాల్కనీలోకి ఉన్న తలుపులలో తెరుచుకునే వైశాల్యం కార్పెట్ ఏరియాలో కనీసం 16.66 శాతం ఉండాలి. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా తెరుచుకునేది సగమే.

ప్లాన్లు మంజూరు చేసే పురపాలక అధికారులు పడమటి కిటికీలకు బయటి నీడను చూపించనిదే అనుమతి ఇవ్వరాదని, నిజంగా తెరుచుకునే వైశాల్యాన్నే లెక్కగట్టాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, అమలాపురం