విషయం: లేని బటన్ గురించి నాలుగోసారి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఏడు వారాల్లో ఇది నా నాలుగో ఫిర్యాదు. మొదటి మూడూ పరిష్కారమైపోయాయని మీరే నాకు మెసేజ్‌లు పెట్టారు. ఎవరికి పరిష్కారమయ్యాయో చెబితే వాళ్లకు ఫోన్ చేసి అభినందిస్తాను.

సంగతి చిన్నదే. మీ పాత కీబోర్డులో ఎడమ చివర ట్రాన్స్‌పోజ్ బటన్లు, అంటే శృతిని అర స్వరం చొప్పున పెంచేదీ దించేదీ, రెండుండేవి. ఒకదాని మీద చిన్న బొడిపె. చీకట్లో కూడా బొటనవేలు తనంతట తనే అక్కడికి పోయేది, నా కళ్లు పాడేవాళ్ల మీదే ఉండేవి. కొత్త మోడల్లో ఆ రెండూ పీకేసి, టచ్ స్క్రీన్‌లో నాలుగు సార్లు నొక్కితే గానీ దొరకని చోట దాచారు. స్టేజీ మీద గాయని వేలు కిందికి చూపించింది, అర స్వరం దించమని. చరణం అందుకోవడానికి ఎనిమిది దెబ్బలుంది. నిమిషానికి 120 దెబ్బల టెంపోలో అంటే 4 సెకన్లు. చెమట పట్టిన వేలికి స్క్రీన్ ఒకసారి పలకలేదు, ఇంకోసారి పక్కదాని మీద పడింది. దిగాల్సిన శృతి అర స్వరం ఎక్కి కూర్చుంది. ఆవిడ నన్ను చూసిన చూపు మీకు పార్సిల్ చేయగలిగితే ఈ ఉత్తరం అవసరమే ఉండేది కాదు.

పోనీ, అదీ మింగేశాను. మింగుడుపడనిది ఆ తర్వాత మీవాళ్లు ఆడించిన ఆట.

మొదటిసారి ఫోన్ చేస్తే 25 నిమిషాలు హోల్డ్‌లో పెట్టి పాట వినిపించారు. తర్వాత లైన్లోకి వచ్చినాయన ప్లగ్ పెట్టారా అని అడిగాడు. పెట్టానన్నాను. తీసి మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. బటన్లు మొలిచాయా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండో ఆయన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయమన్నాడు. చేశాక నాలుగు నొక్కులు ఐదయ్యాయి. మూడో ఆవిడ చాలా మర్యాదగా, లోపమున్న భాగానికి ఫోటో తీసి పంపమన్నారు. అమ్మా, లేని బటన్‌కి ఫోటో ఎలా తీయమంటారు? అయినా ఆ ఖాళీ జాగాని దగ్గరగా తీసి పంపాను. "చిత్రంలో ఏ లోపమూ కనిపించలేదు" అని జవాబొచ్చింది. మీ చాట్‌బాట్ అయితే ట్రాన్స్‌పోజ్‌ని ట్రాన్స్‌పోర్ట్ అనుకుని, నా పార్సిల్ ఎక్కడుందో వెతికిపెడతానని బయల్దేరింది. దానికున్న ఉత్సాహం కూడా మనుషుల్లో కనిపించలేదు.

చివరికి పై అధికారినంటూ ఒకాయన మాట్లాడారు. "అది లోపం కాదు సార్, కొత్త డిజైన్. నెల్లాళ్లలో అలవాటైపోతుంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

అలవాటు గురించి వాయించేవాడికి చెబుతున్నారా? పియానోలో 88 మెట్లున్నాయి. నల్లవి రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉండబట్టే చూడకుండా చెయ్యి సరైన చోట వాలుతుంది. అన్నీ ఒకే వరసలో ఉంటే ఎవరి తరమూ కాదు. హార్ప్‌లో 47 తీగలుంటే సి స్వరం తీగలకు ఎరుపు, ఎఫ్ స్వరం తీగలకు నలుపో నీలమో రంగు వేస్తారు. గిటార్ మెడ మీద చుక్కలు అందానికి పెట్టినవా? వాయించేవాడి బుర్ర పాటలో ఉంటుంది, వాద్యాన్ని వెతకడానికి అందులో మిగిలే చోటు బహు తక్కువ. అలవాటు చేసుకోమంటే చేసుకుంటాం. కానీ చేతికి తగిలే అంచు ఏదో ఒకటి ఉండాలి కదా! అద్దం మీద వేలికి ఏం తగులుతుంది? 1983లో యమహా తన డీఎక్స్7 సింథసైజర్ కీబోర్డులో, శబ్దాన్ని మార్చడానికి తిప్పే నాబ్‌లు తీసేసి మెనూలు పెట్టింది. శబ్దం అద్భుతం, అయినా కొన్నవాళ్లలో చాలామంది కంపెనీ చేసిచ్చిన టోన్లతోనే సరిపెట్టుకున్నారు. ఈ సంగతి కీబోర్డులు అమ్మే మీకు నేను చెప్పాలా?

ఇదంతా మీ అధికారికి చెబుతుంటే "మీ ఫీడ్‌బ్యాక్ మాకు ఎంతో విలువైనది" అన్నారు. పది నిమిషాల్లో టికెట్ మూసేశారు. వెంటనే ఐదు నక్షత్రాలు ఇమ్మని లింకు.

పద్దెనిమిదేళ్లుగా మీ కీబోర్డులే వాయిస్తున్నాను. ఇది మూడోది. నా దగ్గర నేర్చుకున్న పిల్లలతో ఎన్ని కొనిపించానో లెక్క లేదు. అందులో ఒక్కదానికీ కమీషన్ అడగలేదు, ఇప్పుడూ అడగను. మీలో ఎవరో ఒకరు, కనీసం ఒక పాటైనా రెండు చేతులతో వాయించగలిగినవారు, నాకు ఫోన్ చేయాలి. ఆ బటన్లు మళ్లీ ఇస్తారో, ఫుట్ పెడల్‌కి ఆ పని అప్పగించే అప్‌డేట్ ఇస్తారో, డబ్బే వెనక్కిస్తారో అప్పుడు మాట్లాడుకుందాం. పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత నాలుగు టికెట్ నంబర్లూ, ఆ ఖాళీ జాగా ఫోటో పట్టుకుని వినియోగదారుల కోర్టుకి వెళ్తాను. ఈ ఉత్తరానికి కూడా నక్షత్రాల లింకు వస్తే పదిహేను రోజులు కూడా ఆగను.

పాత కీబోర్డే వాడుకోవచ్చు కదా అని మాత్రం సలహా ఇవ్వకండి. మీ కొత్తదాన్ని నమ్మి దాన్ని అమ్మేశాను. కొనుక్కున్నాయన్ని తిరిగిమ్మని రెండుసార్లు అడిగాను, ససేమిరా అంటున్నాడు.

ఇట్లు,
మీ పాత కస్టమర్