రెపో తగ్గింది సరే, మీ రుణం దేనికి ముడిపడి ఉంది?

సంపాదకులకు,

రిజర్వ్ బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకు తానిచ్చే స్వల్పకాలిక అప్పుపై వడ్డీ) తగ్గించినప్పుడల్లా మర్నాడు పత్రికల్లో ‘ఈఎంఐల భారం తగ్గుతుంది’ అన్న శీర్షిక కనిపిస్తుంది. ఆ మాట అందరికీ వర్తించదు. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య రెపో 6.50 నుంచి 5.50 శాతానికి దిగింది. ఒకే బ్యాంకులో ఒకరి వడ్డీ ఆ మేరకు తగ్గినా, మరొకరిది కదలకపోవచ్చు.

2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీకి ఇస్తున్న గృహరుణాలు రెపో వంటి బయటి రేటుకు ముడిపడి ఉంటాయి. వాటి వడ్డీని కనీసం మూడు నెలలకోసారి సవరించి తీరాలి. అంతకుముందువి ఎంసీఎల్ఆర్ (బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి తానే లెక్కగట్టే రేటు) మీదో, ఇంకా పాతవైతే దానికి ముందున్న బేస్ రేటు మీదో నడుస్తుంటాయి. అక్కడ లెక్కకు మూలం డిపాజిట్ల ఖర్చు. డిపాజిట్‌దారులు వేరే చోటికి పోతారని బ్యాంకులు డిపాజిట్ల రేట్లను ఒక్కసారిగా దించవు. ఎక్కువ వడ్డీకి తీసుకున్న పాత ఎఫ్‌డీలకు గడువు తీరేదాకా చెల్లించాల్సిందే. పైగా వడ్డీని సవరించే రీసెట్ తేదీ ఏడాదికోసారి వచ్చే రుణాలకు అప్పటిదాకా పాత వడ్డీయే. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకైతే 2019 నిబంధనే లేదు.

అందుకే ముందు శాంక్షన్ లెటర్ తీసి వడ్డీ దేనికి ముడిపడిందో చూడాలి. ఎంసీఎల్ఆర్ అని ఉంటే రెపోకు మార్చమని బ్రాంచిలో రాతపూర్వకంగా అడగాలి. మార్పిడి ఛార్జీ ఎంత, రెపోపై బ్యాంకు కలిపే అదనపు శాతం (స్ప్రెడ్) ఎంత అన్నది ముందే తేల్చుకోవాలి. స్ప్రెడ్ ఎక్కువైతే మారినా ఒరిగేదేమీ ఉండదు.

ఇంకో చిక్కు ఉంది. 2022-23లో రెపో 4 నుంచి 6.50 శాతానికి పెరిగినప్పుడు చాలామందికి ఈఎంఐ అలాగే ఉంచి అప్పు తీర్చే గడువు పొడిగించారు. వడ్డీ తగ్గేటప్పుడూ చాలామందికి ముందు గడువే తగ్గుతుంది. కాబట్టి ఈఎంఐ మారలేదని కంగారు పడకుండా, స్టేట్‌మెంట్‌లో ఇంకా ఎన్ని వాయిదాలు మిగిలాయో చూసుకోవాలి. నిజానికి గడువు తగ్గడమే మేలు. 20 ఏళ్లకు తీసుకున్న రూ.50 లక్షలపై 8.5 శాతం వద్ద ఈఎంఐ సుమారు రూ.43,391. మొదట్లోనే వడ్డీ 7.5కు దిగితే ఈఎంఐ రూ.40,280 అవుతుంది. పాత ఈఎంఐనే కట్టుకుంటూ పోతే అప్పు దాదాపు 35 నెలల ముందే తీరుతుంది. ఈఎంఐ తగ్గించుకున్న దారితో పోలిస్తే దాదాపు రూ.8 లక్షల వడ్డీ మిగులుతుంది.

రెపో వార్త పక్కనే ఈ వివరాలు ఒక చిన్న బాక్సులో వేయమని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు