ట్రైనీ పైలట్లు హ్యాంగర్‌నూ చూడాలి

సంపాదకులకు,

శిక్షణ విమానం కూలిన ప్రతిసారీ పైలట్ అనుభవం, వాతావరణం, ‘సాంకేతిక లోపం’ అనే మాటల దగ్గరే చర్చ ఆగిపోతోంది. 2019 అక్టోబరులో వికారాబాద్ జిల్లాలో, 2022 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లాలో జరిగిన ప్రమాదాల్లో ముగ్గురు ట్రైనీలు మరణించినప్పుడూ అంతే. ఆ ప్రమాదాల కారణాల జోలికి నేను పోను. విమాన నిర్వహణ ఇంజినీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను కోరేది ఒక్కటే: కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం 200 గంటలు ఎగిరే విద్యార్థి ఎగిరిన ప్రతి 100 గంటలకోసారి విమానానికి చేసే తనిఖీని కనీసం ఒక్కసారైనా హ్యాంగర్‌లో, అంటే విమానాలను ఉంచి బాగుచేసే షెడ్డులో, ఇంజినీరు పక్కన ఉండి మొదటి నుంచి చివరి వరకు చూసి తీరాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన పెట్టాలి.

ఇంజిన్ గురించి రాతపరీక్ష ఉంది కదా అనవచ్చు. అయితే తీసిన ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, మడతల్లో మెరిసే లోహపు రజను కోసం వెదకడం, సిలిండర్‌లోకి 80 పీఎస్ఐ ఒత్తిడితో గాలి పంపి ఎంత నిలిచిందో కొలవడం పుస్తకంలో చదివితే పట్టుబడే పనులు కావు. ఆ గాలి బుస ఎగ్జాస్టు గొట్టంలో వినిపిస్తే వాల్వు సరిగా మూసుకోవడం లేదని, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగులు అరిగాయని అనుమానించాలి. సీసం పేరుకున్న స్పార్క్ ప్లగ్గును చేత్తో పట్టుకుని చూసిన విద్యార్థి, సెస్నా 152 శిక్షణ విమానం రన్-అప్‌లో (ఎగరబోయే ముందు చేసే ఇంజిన్ పరీక్షలో) ఒక మాగ్నెటో (ప్లగ్గులకు కరెంటు అందించే పరికరం) మీద ఇంజిన్ వేగం 125 ఆర్‌పీఎంకు మించి పడిపోతే, ‘ఎగిరాక అదే సర్దుకుంటుందిలే’ అనుకోడు.

ఎగరకుండా నిలిపి ఉంచిన విమానం సంగతి మరీ ముఖ్యం. సెస్నాల్లో విరివిగా కనిపించే లైకమింగ్ ఇంజిన్లకు, పూర్తిస్థాయి ఫిల్టర్ ఉన్నా, 50 గంటలకో నాలుగు నెలలకో, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చాలని తయారీదారు చెబుతున్నారు. గంటల లెక్క అందరికీ గుర్తుంటుంది, నెలల లెక్కే మరుగున పడుతుంది. ఈ ఇంజిన్లలో వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్, పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది కాబట్టి, వానాకాలంలో వారాల తరబడి కదలని విమానంలో దాని మీది ఆయిల్ పొర కిందికి జారిపోయి తేమకు తుప్పు పడుతుంది. ఎదురుగాలి ఒత్తిడితో విమాన వేగాన్ని తెలిపే పిటో గొట్టానికి తొడుగు వేయకపోతే కందిరీగ మట్టిగూడు కట్టినా కట్టవచ్చు, అప్పుడు వేగసూచిని నమ్మలేం.

పని జరిగేచోట విద్యార్థులు అడ్డమని హ్యాంగర్ సిబ్బంది అభ్యంతరం చెప్పవచ్చు. ఒకరిద్దరికి మించకుండా, పనిముట్లు ముట్టుకోకుండా నిలబెడితే ఆ ఇబ్బంది ఉండదు. చూసిన తనిఖీ తేదీ, విమానం రిజిస్ట్రేషన్ నంబరు ఇంజినీరు సంతకంతో విద్యార్థి శిక్షణ రికార్డులో నమోదు కావాలి. ఆ నమోదు లేనిదే లైసెన్సు దరఖాస్తును స్వీకరించకూడదు.

– విశ్రాంత విమాన నిర్వహణ ఇంజినీరు, సికింద్రాబాద్