చిప్పు ఎముకలో వద్దు, ముందు స్టిక్కరు సంగతి చూడు

పర్లాకిమిడి

బావా,

నీ ఉత్తరం నిన్న అందింది. గుణుపురంలో ఒక ఆసుపత్రికి ఇంప్లాంట్ల (ఒంట్లో అమర్చే ప్లేట్లు, స్క్రూలు, కీళ్లు, పేస్‌మేకర్ల) లెక్క చూసే ప్రోగ్రాం రాస్తున్నావని తెలిసి ఎంత సంతోషం వేసిందో! మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్లకి కావాల్సిన పని ఇది. అయితే "ఎముకకి వేసే ప్లేటులోనే, రేడియో తరంగాలతో తన నంబరు చెప్పే చిన్న ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్పు పెట్టేస్తే సరిపోతుంది కదా" అన్నావు చూడు, అక్కడ నేను ఒప్పుకోను. ఎందుకో రాస్తాను, తీరిగ్గా చదువు.

కుక్కలకి చర్మం కింద ఎక్కించే గాజు గొట్టం చిప్పు నీకు తెలుసు. 12 మి.మీ. పొడవు, 2 మి.మీ. పైచిలుకు లావు, 134.2 కిలోహెర్ట్జ్. అంత తక్కువ ఫ్రీక్వెన్సీని ఒంట్లో నీరు పెద్దగా అడ్డుకోదు కాబట్టి మాంసంలో ఉన్నా బాగానే పలుకుతుంది. అదే చిప్పుని టైటానియం ప్లేటుకి ఆనించి చూడు. రీడరు నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రం లోహంలో సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది, అవి ఆ క్షేత్రానికే ఎదురు తిరుగుతాయి. చిప్పు కాయిల్ ఇండక్టెన్స్ తగ్గి ట్యూనింగు పైకి జరిగిపోతుంది, చదివే దూరం పడిపోతుంది. మధ్యలో ఫెర్రైటు పలక వేస్తే కొంత నయమే. కానీ దానికీ చిప్పుకీ చోటేది? ప్లేటునే తవ్వాలి. ప్లేటు వంగకుండా నిలిచే గుణం మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 4.5 మి.మీ. ప్లేటుని వెడల్పంతా 1 మి.మీ. లోతు తవ్వితే అక్కడ మిగిలేది 47 శాతమే. ఎముక అతుక్కోవడం ఆలస్యమైతే మనిషి వేసే ప్రతి అడుగుకీ ప్లేటు కాస్త వంగి లేస్తుంది, అలా అలిసి అలిసి చివరికి స్క్రూ రంధ్రం దగ్గర విరుగుతుంది. అసలే రంధ్రాలున్న చోట ఇంకో గాడి ఎందుకు చెప్పు?

ఇంకొకటి. ఫ్యాక్టరీలో గామా కిరణాలతో, సాధారణంగా 25 కిలోగ్రేల మోతాదుతో శుద్ధి చేసే సరుకు చాలా ఉంది. చిప్పులో నంబరు దాచే మామూలు ఈఈప్రామ్ మెమరీలో నిలవ ఉన్న ఆవేశం ఆ కిరణాలకి కారిపోతుంది, నంబరు చెరిగిపోతుంది. ఎఫ్‌రామ్ అనే ఇంకో రకం మెమరీ తట్టుకుంటుంది, ధర ఎక్కువ.

పేస్‌మేకర్ లెక్క వేరు. అందులో ఎలక్ట్రానిక్స్ ఎలాగూ ఉన్నాయి. కంపెనీవాళ్ల ప్రోగ్రామరు యంత్రం హెడ్డుని ఛాతీ మీద పెడితే మోడలూ సీరియల్ నంబరూ అదే చెబుతుంది. ఏ కంపెనీదో కూడా తెలియనప్పుడు ఎక్స్‌రే తీస్తే పేస్‌మేకర్ పెట్టె లోపలి గుర్తు అక్షరాలు కనబడతాయి. నువ్వు మాత్రం పెట్టెతో పాటు లీడ్ల (పెట్టె నుంచి గుండెకి వెళ్లే తీగల) మోడళ్లు కూడా రాసుకునే గడి పెట్టు. ఎంఆర్‌ఐకి పనికొస్తుందా లేదా అన్నది పెట్టె, లీడు రెండూ కలిపి చూసి తేలుస్తారు. 1.5 టెస్లా యంత్రంలో 64 మెగాహెర్ట్జ్ తరంగాలకి లీడు తీగ యాంటెన్నాలా పనిచేసి కొస దగ్గర వేడెక్కుతుంది. పెట్టె పేరు ఒక్కటే తెలిస్తే ఆ రోగికి ఎంఆర్‌ఐ తియ్యొచ్చని ఎవరూ ధైర్యంగా చెప్పలేరు.

మరి ప్లేట్లకీ రాడ్లకీ కీళ్లకీ ఏం చెయ్యాలి? ప్యాకెట్టు మీద గుర్తు ఇప్పటికే ఉంది. 2013లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన యూడీఐ (ప్రతి పరికరానికీ విడి గుర్తింపు) నిబంధన వల్ల పెద్ద కంపెనీల సరుకు మీద చిన్న చదరం డేటామ్యాట్రిక్స్ కోడు వస్తోంది. అందులో (01) తర్వాత 14 అంకెల జీటిన్ (సరుకు రకాన్ని చెప్పే నంబరు), (17) తర్వాత గడువు తేదీ, (10) తర్వాత లాటు (ఒకే విడతలో తయారైన బ్యాచ్ నంబరు), (21) తర్వాత సీరియల్. లాటు, సీరియల్ పొడవు ఒక్కో కంపెనీకి ఒక్కోలా, 20 అక్షరాల దాకా ఉండొచ్చు. అందుకే లాటు తర్వాత ఇంకేదైనా వస్తే మధ్యలో కంటికి కనబడని విభజన గుర్తు, ఆస్కీ 29, ఉండి తీరాలి. చవక స్కానర్లు కీబోర్డులా పనిచేస్తూ ఆ గుర్తుని మింగేస్తాయి. లాటు 4471, సీరియల్ 58 అనుకో. గుర్తు పోతే 104471, 2158 కలిసిపోయి నీ ప్రోగ్రాంకి లాటు 44712158 అయిపోతుంది. తప్పని కూడా ఎవరికీ తెలియదు. రేపు ఆ లాటు చెడ్డదని కబురొచ్చినా నీ వెతుకులాటలో దొరకదు. స్కానరు సెట్టింగులో ఆ గుర్తుని బయటికి పంపమని పెట్టు. కంప్యూటర్లో ఒడియాగానీ తెలుగుగానీ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు తెరిచి ఉంటే స్కాన్ చేసిన ఇంగ్లీషు అక్షరాలు ఆ లిపి అక్షరాలుగా పడతాయి, అదీ చూసుకో. గడువు తేదీలో రోజు 00 అని కనిపిస్తే తప్పనుకుని కొట్టెయ్యకు, ఆ నెల ఆఖరి రోజని అర్థం.

ఇప్పుడు అసలు తలనొప్పికి వస్తాను. మన వైపు ఎముకల ఆపరేషన్లలో ఎక్కువ భాగం విడి స్క్రూలతోనే. డీలరు కుర్రాడు పొద్దున ట్రే తెస్తాడు. 14 నుంచి 60 మి.మీ. దాకా, రెండేసి మి.మీ. తేడాతో, 24 పొడవుల స్క్రూలు గళ్లలో నిలబడి ఉంటాయి. ఆపరేషన్ అయ్యాక వాడినవి లెక్కపెట్టి బిల్లు వేస్తారు, ఖాళీ గళ్లు నింపుతారు, మళ్లీ ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌కి. నింపినప్పుడల్లా కొత్త లాటు పాతదాంతో కలిసిపోతుంది. నాలుగుసార్లయ్యాక ఏ స్క్రూ ఏ లాటుదో ఎవరూ చెప్పలేరు. ట్రేకి 865–868 మెగాహెర్ట్జ్ ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగు కట్టొచ్చు, లోహం మీద పనిచేసే రకమైతే, 134 డిగ్రీల ఆవిరి తట్టుకునేదైతే. కానీ అది ట్రే వచ్చిందని చెబుతుంది తప్ప ఏ స్క్రూ ఎవరి కాలులోకి వెళ్లిందో చెప్పదు. స్క్రూ మీదే కోడు చెక్కాలంటే 0.1 మి.మీ. గళ్లతో వేసినా అంచు ఖాళీతో కలిపి సుమారు 2 మి.మీ. చదునైన చోటు కావాలి. స్క్రూ తలలో స్క్రూడ్రైవరు గుంట పోగా అంత ఎక్కడ మిగులుతుంది?

కాబట్టి పద్ధతి మార్చాలి: ఒక గడిలో ఒకే లాటు, అది పూర్తిగా ఖాళీ అయ్యాకే కొత్తది. నింపిన ప్రతిసారీ ఏ గడిలో ఏ లాటు అన్నది స్కాన్ చెయ్యాలి. ఓటీ (ఆపరేషన్ థియేటర్)లో సిస్టరుకి స్క్రూ పొడవు నొక్కితే చాలు, లాటు నీ ప్రోగ్రామే తెచ్చుకుంటుంది. డీలర్లు గొణుగుతారు, అయినా పట్టుబట్టు.

స్క్రూ తల రకం కూడా రాయించు బావా, దయచేసి. రెండేళ్లకి ప్లేటు తీయాల్సి వస్తే సర్జనుకి ముందు కావాల్సింది సరైన స్క్రూడ్రైవరు. 4.5 మి.మీ. కార్టికల్ (గట్టి ఎముకకి వేసే) స్క్రూకి 3.5 మి.మీ. షడ్భుజి, 3.5 మి.మీ. స్క్రూకి 2.5 మి.మీ. షడ్భుజి, ప్లేటులోకే బిగిసే కొన్ని లాకింగు స్క్రూలకి నక్షత్రం ఆకారం. తెలియక తప్పుడు స్క్రూడ్రైవరు వేస్తే తల గుంట అరిగిపోతుంది, గంటలో అయ్యే పని మూడు గంటలవుతుంది.

ఇక మనుషుల పేర్లు. మన రోగి ఇవాళ గుణుపురం, రేపు బరంపురం, ఎల్లుండి విశాఖ. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా రాస్తాం, ఒడిశా కాగితాల్లో అదే పూర్తిగా చివర వస్తుంది. ఒకే మనిషి మూడు ఆసుపత్రుల్లో ముగ్గురవుతాడు. పేరుతో కలపకు. 14 అంకెల ఆభా (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా) నంబరు ఉంటే తీసుకో. ఫోన్లు రెండు అడుగు: తనది ఒకటి, ఊళ్లో ఇంటి దగ్గర కదలకుండా ఉండేవాళ్లది ఒకటి. కూలికి సూరత్ వెళ్లినవాడి సిమ్ము ఆరు నెలల్లో మారిపోతుంది.

ఇదంతా ఎందుకంటే, డీప్యూ కంపెనీ ఏఎస్‌ఆర్ తుంటి కీలు సంగతి గుర్తుందా? 2010 ఆగస్టులో ప్రపంచమంతా వెనక్కి పిలిచారు. మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లు జరిగితే, అందులో ఎక్కువమంది ఆచూకీ తర్వాత దొరకనేలేదు. లోహం మీద లోహం ఒరుసుకుని కోబాల్టు, క్రోమియం రక్తంలోకి చేరుతుంటే, తన ఒంట్లో ఉన్నది అదేనని తెలియకుండా బతికినవాళ్లు వాళ్లు. మన రిజిస్టర్లు తేదీ వరసన ఉంటాయి, లాటు వరసన వెతకలేం. నీ ప్రోగ్రాంలో మొదటి వెతుకులాట లాటుతోనే ఉండాలి. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాల వల్ల కలిగే హానిని గమనించే) కార్యక్రమం నడుపుతోంది. అక్కడికి ఫిర్యాదు పంపాలన్నా లాటు, సీరియల్ అడుగుతారు.

ప్యాకెట్టులో వచ్చే స్టిక్కర్లు ఒకటి కేస్ షీటుకి, ఒకటి ఓటీ రిజిస్టరుకి, ఒకటి బిల్లుకి. రోగికి మిగలడం లేదు, అదే నా బాధ. స్టెంటు, మోకాలు కీలు అయితే 2017 ధరల ఉత్తర్వుల ప్రకారం బిల్లులో బ్రాండు, కంపెనీ, బ్యాచ్ నంబరు విడిగా చూపించాలి. రోగి అడిగి తీసుకోవచ్చు. మిగతావాటికి నువ్వే ఒక కార్డు అచ్చువేయించు, తెలుగులోనూ ఒడియాలోనూ. థర్మల్ కాగితం మీద మాత్రం వద్దు, వేడి లామినేషన్‌కి నల్లగా మాడిపోతుంది. అచ్చుకి ఇచ్చేముందు నమూనా నాకు పంపు, ఒడియా వైపు నేను దిద్దుతాను.

ఉంటాను మరి. అక్కని అడిగానని చెప్పు.